చాదస్తం ఎవరి సొత్తు?

పెద్దవాళ్ళ మతిమరుపుకి మన ఇళ్ళల్లో పెట్టుకున్న ముద్దుపేరు చాదస్తం. చెప్పిందే పదిసార్లు చెప్పినా చాదస్తమే, తాళంచెవులు కందిపప్పు డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతికినా చాదస్తమే. ఇంతకీ ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? 'ఛాందసం' నుంచి. ఛందస్సు అంటే వేదం. పుస్తకం ముట్టకుండా వేదమంతా వల్లించగలవాడు ఛాందసుడు. ఎంత జ్ఞాపకశక్తి వుంటే ఆ పేరు వస్తుందో చూడండి! అటువంటి మాట అరిగి అరిగి, చివరికి జ్ఞాపకం జారిపోయిన ముసలమ్మ నెత్తిన పడింది.

హైదరాబాదులో రైలు దిగి, నాంపల్లి నుంచి అబిడ్స్ వైపు నాలుగడుగులు వేస్తే ఇదే సంగతికి ఇంకో మాట వినిపిస్తుంది. 'సఠియా గయే' అంటారు ఉర్దూవాళ్ళు. సాఠ్ అంటే అరవై. అరవై వచ్చింది, బుద్ధి పోయింది అని అర్థం. ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలబడని ఈ వూళ్ళో, రెండు భాషలూ ఈ ఒక్క విషయంలో ఎంత చక్కగా కలిసిపోయాయో! తప్పంతా వయసుదేనట.

నా పేచీ అక్కడే. అరవై అందరికీ అరవయ్యే. పెద్ద బంగళాలో వున్నావిడకీ, ఆ బంగళాలో అంట్లు తోమే ఆవిడకీ పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. మరి మరుపు మాత్రం ఇద్దరికీ ఒకేలా ఎందుకు రాదు? ఒకరికి ఎనభై దాటినా మనవల పేర్లూ, వాళ్ళ క్లాసు టీచర్ల పేర్లూ కూడా గుర్తుంటే, ఇంకొకరికి అరవై ఐదుకే సొంత వీధి ఎందుకు కొత్తదైపోతుంది? నేను డాక్టర్ని కాను. బి.ఏ.లో చరిత్ర చదువుకుని కథలు, నవలలు రాసుకునేదాన్ని. అయినా ఈ ప్రశ్నకి జవాబు సగం వైద్యంలో వుంటే, సగం చరిత్రలో వుందని నాకు తోస్తుంది. ఆ చరిత్ర వెతకటానికి అబిడ్స్, నాంపల్లి కంటే మంచి చోటు ఏముంటుంది?

సరే, రైలుతోనే మొదలుపెడదాం. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రైల్వే గుమాస్తా తన భార్యని మానసిక వైద్యశాలకి తీసుకొచ్చాడు. ఆమె పేరు ఔగుస్టె. వయసు యాభై ఒకటి. వంట మధ్యలో ఏం వండుతోందో మరిచిపోతోంది, వస్తువులు దాచేస్తోంది, లేనిపోని అనుమానాలు పడుతోంది. పేరు రాయమంటే సగం రాసి మిగతా సగం మరిచిపోయేది. ఆమెని చూసిన డాక్టర్ ఆలోయిస్ ఆల్జైమర్. 1906లో ఆమె పోయాక మెదడుని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో తను చూసిన మచ్చల్నీ చిక్కుముడుల్నీ ఆ ఏడే ఒక వైద్యుల సభలో వివరించాడు. 1910లో ఆ జబ్బుకి డాక్టరుగారి పేరు పెట్టారు. రోగి పేరు మాత్రం ఆస్పత్రి అటకమీదే వుండిపోయింది. ఆమె కేసు కాగితాలు 1995లోగాని మళ్ళీ బయటపడలేదు. ఆడదాని రోగానికి కూడా మగవాడి ఇంటిపేరే!

ఇంకో చిత్రం వినండి. ఆ తరవాత చాలా ఏళ్ళు డాక్టర్లు కూడా మన చాదస్తం సిద్ధాంతాన్నే నమ్మారు. యాభైలలో వస్తే అది ఆల్జైమర్ జబ్బు, డెబ్బైలలో వస్తే అది ముసలితనం అని సరిపెట్టుకున్నారు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు, రెండూ ఒకటేనయ్యా, ముసలివాళ్ళకి వచ్చేదీ జబ్బే అని గట్టిగా రాసేదాకా ఆ మాట నలగలేదు. ఇప్పుడు ఈ మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి డిమెన్షియా అంటున్నారు. ఆల్జైమర్ అందులో పెద్దక్క. మెదడులో రక్తనాళాలు మూసుకుపోవటంవల్ల వచ్చేది రెండోది. బి.పి., షుగరు పుణ్యమా అని మన దేశంలో దీనికీ తక్కువ బలం లేదు.

జర్మనీలో ఆ రైల్వే గుమాస్తా భార్య చనిపోయిన మరుసటి ఏడు, అంటే 1907లో, మన నాంపల్లి స్టేషన్ కట్టారు. ఆ స్టేషన్‌కి కాస్త దూరంలోనే ఒక పాత ఇల్లుంది, గోల్డెన్ థ్రెషోల్డ్. సరోజినీ నాయుడుగారి ఇల్లు. 1905లో అచ్చయిన ఆవిడ మొదటి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి పెట్టారు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ ఇంట్లోనే. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయగారు, తరవాత నిజాం కాలేజీ అయిన విద్యాసంస్థని నడిపిన పెద్ద చదువరి. ఆ ఇంటి పిల్ల పన్నెండేళ్ళకే మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయింది. నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్ళింది.

బంగారు గుమ్మం లోపలి సంగతి అది. గుమ్మం బయట? ఆ రోజుల్లో ఈ పేటల్లో పుట్టిన ఆడపిల్లల్లో పలక పట్టినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చాపెల్ రోడ్డులో మిషనరీల స్టాన్లీ స్కూలు లాంటివి ఒకటీ అరా వున్నాయిగాని, ఎవరు పంపుతారు? నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియాలో బోధన కూడా ఉర్దూలోనే. తెలుగింటి పిల్లకి తల్లి నేర్పిన భాషలో చదువుకునే హైస్కూలు కావాలంటే మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో పెట్టేదాకా ఆగవలసివచ్చింది. పెద్ద చదువులకి 1924లో ఆడపిల్లల కాలేజీ మొదలైంది. అది 1949లో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారింది. అబిడ్స్‌లోని రెడ్డి హాస్టలులో 1943లో పుట్టిన సాహిత్య పరిషత్తు — నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు — తెలుగు పరీక్షలు పెట్టి, బడికి వెళ్ళలేనివాళ్ళకి కూడా అక్షరాన్ని దగ్గర చేసింది. ఇలా చుక్క చుక్కగా చేరిన నీళ్ళు కావు మరీ! అయినా 1951 జనాభా లెక్కలు తీస్తే దేశం మొత్తం మీద చదవటం, రాయటం వచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. లెక్క ప్రకారం 8.86 శాతం.

ఈ పాత లెక్కకీ చాదస్తానికీ ఏమిటి సంబంధం అంటారా? 1951లో బడికి వెళ్ళవలసిన వయసులో వుండి, వెళ్ళకుండా చెల్లెల్ని చంకనెత్తుకున్న ఆ చిన్నపిల్లలే ఈ రోజు ఎనభై ఏళ్ళ ముసలమ్మలు. మన దేశంలో పెద్దవాళ్ళ మతిమరుపు మీద జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, మొత్తం 88 లక్షలమందికి డిమెన్షియా వుందని అంచనా. మగవాళ్ళలో 5.8 శాతం, ఆడవాళ్ళలో 9 శాతం. పట్నాల్లో 5.3, పల్లెల్లో 8.4. చదువు తగ్గినకొద్దీ జబ్బు పెరిగింది. ఆడవాళ్ళకి ఎక్కువ ఎందుకంటే, ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి అని ఒక జవాబు వుంది. నిజమే, కాని అది పూర్తి జవాబు కాదు. బడి మానిపించిన బాకీ డెబ్బై ఏళ్ళ తరవాత వడ్డీతో సహా వసూలవుతోంది.

చదువుకీ మెదడుకీ ఈ లంకె ఏమిటో మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే పోపులడబ్బాని గుర్తుచేసుకోవాలి. నెలాఖరున ఎవరింట్లోనైనా ఖర్చులు మీదపడతాయి. పోపులడబ్బా అడుగున నాలుగు నోట్లు దాచుకున్న ఇల్లాలు నెట్టుకొస్తుంది. దాచుకోనావిడ ఇరవయ్యో తారీకుకే చేతులెత్తేస్తుంది. మెదడు కూడా అంతే. చిన్నప్పటి చదువు, జీవితంలో బుర్రకి పెట్టిన పని, అన్నీ లోపల నిల్వ అవుతాయట. జబ్బు వచ్చి మెదడు కణాలు ఖర్చయిపోతున్నా ఆ నిల్వ కొంతకాలం పరువు కాపాడుతుంది. అమెరికాలో 1986 నుంచి డేవిడ్ స్నోడన్ అనే ఆయన 678 మంది క్రైస్తవ సన్యాసినులని గమనించారు. ఒకే మఠ జీవితం, ఒకే తిండి, ఒకే వైద్యం. సారా, సిగరెట్ల గొడవ లేదు. అయినా చిన్నతనంలో భాష మీద పట్టు బాగా వున్నవాళ్ళకి ముసలితనంలో మతి నిలిచింది. మరణించాక పరీక్షిస్తే, కొందరి మెదడులో జబ్బు గుర్తులు నిండుగా వున్నా, బతికున్నన్నాళ్ళూ మాటలో చేతలో ఆ ఛాయలే కనబడలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం వుంది. పెద్దింటివాళ్ళకి తక్కువ, పేదింటివాళ్ళకి ఎక్కువ అనగానే 'అది వాళ్ళ రక్తంలో వుంది, వాళ్ళ బుద్ధులే అంత' అనేవాళ్ళు బయలుదేరతారు. మనదగ్గర కులం పేరు చెప్పి అంటారు, అమెరికాలో రంగు పేరు చెప్పి అన్నారు. అక్కడ నల్లజాతి వృద్ధులకి ఈ జబ్బు తెల్లవాళ్ళకంటే దాదాపు రెట్టింపు. రక్తమే కారణమా? మెంఫిస్, పిట్స్‌బర్గ్ నగరాల్లో డెబ్బై దాటిన ఇరు రంగులవాళ్ళనీ ఏళ్ళతరబడి గమనించి 2013లో ఒక లెక్క చెప్పారు. ఆదాయం, చదువు, చదవగలిగే శక్తి ఇవన్నీ లెక్కలో వేసుకునేసరికి నలుపు తెలుపుల తేడా దాదాపు మాయమైంది! అక్కడ బళ్ళలో పిల్లల్ని రంగునిబట్టి వేరుచేయటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1954లోగాని చెప్పలేదు. అంతకుముందు నల్లపిల్లలకి దక్కింది పాత పుస్తకాలు, తక్కువ రోజుల బడి. మెంఫిస్ నల్లపిల్లా, నాంపల్లి గూడెం పిల్లా ఒకరినొకరు ఎరగరు. ఇద్దరి ముసలితనాన్నీ రాసిన చెయ్యి మాత్రం ఒకటే.

రక్తం మాట అబద్ధమని తేల్చిన కథ ఇంకోటి వుంది. దానికి మన హైదరాబాదు కూడా సాక్షి. పెల్లాగ్రా అని ఒక జబ్బు. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లగా మాడినట్లవుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి పోతుంది. అమెరికా దక్షిణాదిలో మిల్లు కూలీలనీ, నల్లవాళ్ళనీ, అనాథ పిల్లల్నీ ఇది వేలకొద్దీ తిన్నది. అంటురోగమన్నారు, వంశంలో దోషమన్నారు. 1914లో ప్రభుత్వం పంపిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక చిన్న విషయం పట్టుకున్నాడు. పిచ్చాసుపత్రుల్లో రోగులకి వస్తోంది, వాళ్ళని ముట్టుకునే నర్సులకి రావటంలేదు. అంటే అంటురోగం కాదు, కంచంలో తేడా! మొక్కజొన్న పిండీ, బెల్లంపాకం, కొవ్వు ముక్క తిని బతికేవాళ్ళకి పాలు, మాంసం పెడితే జబ్బు పోయింది. చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఇంట్లో వున్న ఆ కాస్త పాలూ మాంసం మగవాళ్ళకీ పిల్లలకీ పెట్టి, అడుగున మిగిలింది తినే అలవాటు మనకి మాత్రమే వుందనుకున్నారా? ఆ లోపం నియాసిన్ అనే విటమిన్‌దని 1937లో తేలింది.

మనదగ్గర మొక్కజొన్న స్థానంలో జొన్న. కూనూరులో వున్న పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకి మారింది. అదే ఇప్పుడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా ఈ ప్రాంతంలో జొన్నగటక, జొన్నరొట్టె తప్ప ఇంకేమీ ఎరగని పేద కూలీలలో పెల్లాగ్రాని చూశారు. జొన్నలో ఎక్కువగా వుండే లూసిన్ అనే పదార్థం ఇందుకు కారణం కావచ్చని 1960లో ప్రపంచానికి చెప్పారు. ఇప్పుడు షుగరు భయానికి మనం ముచ్చటపడి తింటున్న జొన్నరొట్టె మీద కోపం తెచ్చుకోకండి. పక్కన పప్పూ, ఆకుకూరా, కాసిని పాలూ వుంటే జొన్న మహాలక్ష్మే. జొన్న ఒక్కటే వుండటం దరిద్రం. మతి తప్పిన మనిషిని 'ఏ కులం, ఏ వంశం' అని అడగకుండా 'ఏం తిన్నావమ్మా' అని అడిగినవాళ్ళు ఆ డాక్టర్లు. మందు ఆ ప్రశ్నలోనే దొరికింది.

ఇంతవరకూ చెప్పిందంతా పేదవాళ్ళకి దక్కనివాటి చిట్టా. ఇక వాళ్ళకి దక్కిన ఒక్క ఆస్తి గురించి చెప్తాను. అది ఈ వీధుల్లో పడివుంది, ఎవరూ తాళం వెయ్యలేదు.

నాంపల్లి అనే పేరే చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో నేక్‌నామ్ ఖాన్ అనే బిరుదున్న సర్దారు జాగీరు ఇది, నేక్‌నామ్‌పల్లి కాస్తా నాంపల్లి అయిందంటారు. నేక్‌నామ్ అంటే మంచిపేరు. ఫారసీ మొదలు, తెలుగు తోక! అబిడ్స్ సంగతి ఇంకా విచిత్రం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే అర్మేనియన్ యూదు పెట్టిన దుకాణం పేరు పేట మొత్తానికి అంటుకుంది. ఆ తరవాత ఎవరు రాలేదు గనక? పార్సీలు, కాయస్థులు, మార్వాడీలు, గుజరాతీలు వచ్చారు. నిజాం రాజ్యంలోని మరాఠీ, కన్నడ జిల్లాలవాళ్ళు నౌకరీలకి వచ్చారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సర్కారు జిల్లాల గుమాస్తాల కుటుంబాలు ఆవకాయ జాడీలతో దిగాయి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి చేరిన నుమాయిష్‌కి ప్రతి శీతాకాలం దేశం నలుమూలల దుకాణాలూ వస్తాయి.

ఈ కలగూరగంపలో బతకాలంటే ఒక్క భాషతో కుదరదు. కూరగాయల బండి మనిషి ఇంట్లో తెలుగు, బేరంలో దక్కనీ. దర్జీ ఇంట్లో ఉర్దూ, కొలతలు రాసేటప్పుడు తెలుగు, జాకెట్టు చెడగొట్టినప్పుడు సారీ. పనిమనిషి మార్వాడీ ఇంట్లో హిందీ, మనింట్లో తెలుగు. వీళ్ళల్లో చాలామంది సంతకం పెట్టలేరు. మనం మన పిల్లలకి ఫీజులు కట్టి నేర్పించేది వాళ్ళకి ఆకలి నేర్పింది. రాజభాష కాబట్టి నెత్తిన రుద్దితే నేర్చుకున్న ఉర్దూ కొంత, పక్కింటి ఫాతిమాబీతో ఉప్పూ చింతపండూ బదులు తెచ్చుకుంటూ నేర్చుకున్న ఉర్దూ కొంత.

ఈ ఆస్తి విలువ ఎంతో ఇక్కడికి దగ్గర్లోనే, పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలో తేల్చారు. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడింబరోకి చెందిన థామస్ బాక్, వారి సహచరులు కలిసి డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. అందులో 391 మందికి రెండుగాని అంతకంటే ఎక్కువగాని భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే వీళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది! చదువుకున్నారు కాబట్టి అలా అయిందేమో అన్న అనుమానం మీకూ వస్తుంది, వాళ్ళకీ వచ్చింది. అందుకని బడి ముఖం చూడనివాళ్ళని విడిగా తీసి లెక్కవేశారు. వాళ్ళలో తేడా ఇంకా ఎక్కువ, ఆరేళ్ళు. 2013లో ఈ సంగతి అచ్చయినప్పుడు ప్రపంచమంతా హైదరాబాదు వైపు చూసింది. ఎందుకంటే, ఇటువంటి పరిశోధనలు అంతకుముందు ఎక్కువగా కెనడా లాంటి చోట్ల వలస వచ్చినవాళ్ళ మీద జరిగాయి. అక్కడ రెండు భాషలంటే వలస, చదువు అన్నీ కలిసి చిక్కుపడి వుంటాయి. ఇక్కడ పుట్టి, ఇక్కడే పెరిగి, అక్షరం రాకుండానే రెండు భాషలు ధారాళంగా మాట్లాడేవాళ్ళు ఇంతమంది ఇంకెక్కడ దొరుకుతారు? 2016లో అక్కడే పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, తరవాత బుద్ధి చెక్కుచెదరకుండా నిలిచినవాళ్ళు రెండు భాషలవాళ్ళలో నూటికి నలభైమంది, ఒక్క భాషవాళ్ళలో ఇరవైమంది.

కారణం ఏమిటంటే, రెండు భాషల మనిషి ఏ మాట మాట్లాడినా బుర్ర లోపల రెండో భాషని 'నువ్వు కాసేపు ఆగు' అని అదుపులో పెడుతుందట. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు తోడికోడళ్ళని సర్దుకొచ్చే అత్తగారి చాకచక్యం అన్నమాట. రోజూ చేసే ఆ కసరత్తే నిల్వ. ఇది ఆస్పత్రికి రాగలిగినవాళ్ళ మీద వేసిన లెక్క అన్నది మరిచిపోకూడదు. భాషలు వస్తే జబ్బు రాదనీ కాదు, ఆలస్యం అవుతుందని మాత్రమే. మూడో భాష, నాలుగో భాష వస్తే ఇంకా లాభమన్నదీ అందులో తేలలేదు. అయినా ఆరేళ్ళంటే మాటలా? మనవడిని ఎల్.కె.జి.లో దింపిన అమ్మమ్మ వాడి అయిదో క్లాసు దాకా వాణ్ణి పేరుపెట్టి పిలవగలగటం.

మరి భాష ఇచ్చింది కదా అని ఊరుకుందామా? ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోతోంది. లండన్‌లో 1967లో మొదలుపెట్టి వేలాది ప్రభుత్వోద్యోగులని గమనించారు. అందరివీ గవర్నమెంటు ఉద్యోగాలే, అందరికీ ఉచిత వైద్యమే. అయినా గుండెజబ్బుతో చనిపోయేవాళ్ళు పై ఆఫీసర్లలో కంటే కింది బంట్రోతుల్లో దాదాపు మూడురెట్లు. చిన్న ఉద్యోగం, పెద్ద బెంగ, తన పని మీద తనకే అజమాయిషీ లేకపోవటం, ఇవన్నీ రక్తనాళాల్లోకి దిగుతాయి. మనదగ్గర షుగరు ఒకప్పుడు జమీందార్ల జబ్బు. 2023లో వచ్చిన లెక్కలో దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరు రోగులు, పెద్దవాళ్ళలో మూడోవంతుకి పైగా బి.పి. వుంది. ఇప్పుడది ఆటోడ్రైవరునీ, బట్టలు కుట్టే మనిషినీ కూడా వెతుక్కుంటూ వస్తోంది. తేడా జబ్బు రావటంలో కంటే దాన్ని కనుక్కోవటంలో వుంది. మనకి నెలనెలా పరీక్ష, వాళ్ళకి మూర్ఛ వచ్చి పడిపోయాక పరీక్ష. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. ఉచితంగా చూస్తారు. కాని ఒక పూట కూలి పోగొట్టుకుని, ఏ నొప్పీ లేని బి.పి. కోసం క్యూలో నిలబడటం ఎంత కష్టమో నెలజీతాలవాళ్ళం మనకి చప్పున తట్టదు.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మతిమరుపుని కొలవటానికి 1975లో అమెరికాలో తయారైన ఒక పరీక్ష ప్రపంచమంతా పాకింది. తారీకు చెప్పు, వందలోంచి ఏడేసి తీసెయ్యి, ఒక వాక్యం రాయి, ఈ బొమ్మ చూసి గియ్యి. పెన్సిలు పట్టనావిడని బొమ్మ గియ్యమంటే ఏం గీస్తుంది పాపం? జబ్బు లేకపోయినా వుందని తేలుతుంది. లేదా, 'చదువురాదు కదా, అంతే' అని నిజంగా వున్న జబ్బుని వదిలేస్తారు. రెండూ అన్యాయమే. అందుకే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో 1990లలో ఆ పరీక్షని అక్షరం రానివాళ్ళకి తగినట్లు మార్చారు. తరవాత వైద్య పరిశోధనా మండలి తెలుగుతో సహా అయిదు భాషల్లో మన పరీక్షలు తయారుచేయించింది. బజార్లో చిల్లర లెక్క తప్పని మనిషి ఒకరోజు నోటుకి నోటే ఇచ్చేస్తే అది పెద్ద గుర్తు. ఆ గుర్తు పట్టగలిగేది డాక్టరు కాదు, ఇంట్లోవాళ్ళు.

అంటే మనమే. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేదీ ఆడవాళ్ళకే, వచ్చినవాళ్ళకి అన్నం కలిపి పెట్టేదీ ఆడవాళ్ళే. అందుకే ఈ చరిత్రంతా మీకు చెప్పుకొచ్చాను. ప్రపంచ నిపుణుల సంఘం ఒకటి 2024లో ఏం చెప్పిందంటే, డిమెన్షియా కేసుల్లో నూటికి 45 దాకా, జీవితంలో మార్చగలిగిన పధ్నాలుగు కారణాలతో ముడిపడి వున్నాయి. ఆ జాబితాలో మొదటిది చిన్నప్పటి చదువు. నడివయసులో వినికిడి తగ్గటం, బి.పి., షుగరు, కొలెస్ట్రాల్, దిగులు. ముసలితనంలో ఒంటరితనం, చూపు మందగించటం. ఇందులో మన చేతిలో వున్నవి ఎన్నో! అత్తగారు పిలిస్తే పలకటంలేదంటే అది చాదస్తమో చెవుడో చూపించవచ్చు. కళ్ళల్లో పొర కమ్మితే తీయించవచ్చు. వంటావిడ బి.పి. బిళ్ళ మానేసిందేమో అడగవచ్చు. ఆవిడ మన తెలుగుకి తన దక్కనీ కలిపి మాట్లాడితే నవ్వకుండా నాలుగు మాటలు మనమూ నేర్చుకోవచ్చు.

అన్నిటికంటే పెద్దది మొదటిదే. మన వీధుల్లో తల్లితోపాటు పనికి వచ్చి, గుమ్మంలో కూచుని మన పాపాయిని ఆడించే పదేళ్ళ పిల్లలు ఇంకా వున్నారు. తమ్ముడు బడికి వెళ్తే తను ఇక్కడికి వస్తుంది. పిల్ల చలాకీ, పని అంతా చేస్తుంది, మనకీ సుఖంగా వుంటుంది. ఆ పిల్లకి అరవై రావటానికి ఇంకా యాభై ఏళ్ళుంది కదా అనుకుంటాం. ఆ అరవయ్యో ఏడు ఎలా వుండాలో ఇవాళ ఉదయం బడిగంట కొట్టేటప్పుడు నిర్ణయమైపోతోంది.